గోడకు అటు కంపెనీ.. ఇటు కాపురం

2023 ఏప్రిల్ 16, ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. కుషాయిగూడలో ఓ టింబర్ డిపో అంటుకుంది. లోపలంతా ఎండుకలప, పైగా వేసవి. మంట ప్రహరీ దగ్గర ఆగలేదు, పక్కనున్న ఇళ్ల భవనానికి పాకింది. నిద్రలో ఉన్న ఓ కుటుంబానికి బయటపడే దారి దొరకలేదు. భర్త, భార్య, చిన్న బాబు.. ముగ్గురూ పోయారు. ఆ కలపతో గానీ, ఆ వ్యాపారంతో గానీ వాళ్లకు ఏ సంబంధమూ లేదు. డిపో పక్కింట్లో కాపురం ఉన్నారు, అంతే.

కుషాయిగూడ నుంచి మల్లాపూర్ మీదుగా నాచారం ఎంతో దూరం లేదు. నాచారం దాటితే హబ్సిగూడ, అటుపైన ఉప్పల్ రింగురోడ్డు. తూర్పు హైదరాబాద్‌లో ఇదంతా ఒకటే అల్లిక. మందుల కంపెనీ, ప్లాస్టిక్ దానా కరిగించే షెడ్డు, అట్టపెట్టెల యూనిట్, స్క్రాప్ దుకాణం, ఆ మధ్యలోనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ప్రైవేటు బడి, హాస్టల్, ఫంక్షన్ హాల్. ‘నాచారం పారిశ్రామికవాడలో మంటలు’ అన్న వార్త ఇక్కడివాళ్లకు కొత్త కాదు. పక్క చర్లపల్లిలో 2025 ఫిబ్రవరిలో ఓ రసాయనాల కంపెనీ తగలబడినప్పుడు నల్లటి పొగ చాలా దూరానికి కనిపించింది. అలాంటి రోజున ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: మన పక్కన ఏముంది? జవాబు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

అడవి అంటుకుని ఊరి మీద పడటం గురించి ఈమధ్య ప్రపంచమంతా మాట్లాడుకుంటోంది. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ శివార్లలో 16 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనా పట్టణం గంటల వ్యవధిలో తుడిచిపెట్టుకుపోయింది, వంద మందికి పైగా చనిపోయారు. ఉప్పల్ చుట్టూ అడవి లేదు. కానీ అడవిలో ఎండుటాకులు చేసే పని ఇక్కడ కలప, అట్ట, థర్మకోల్, ఫోమ్, సాల్వెంట్ డ్రమ్ములు, ఈ-స్కూటర్ బ్యాటరీలు చేయగలవు. అవి ప్రతి గల్లీలోనూ ఉన్నాయి. కాలిన పట్టణాలను తిరిగి ఎలా నిలబెట్టాలన్న చర్చ అమెరికాకు ఎంత అవసరమో మనకూ అంతే అవసరం. కాకపోతే మన చర్చ అడవి అంచున కాక, కంపెనీ ప్రహరీ దగ్గర మొదలుకావాలి.

ఊరి బయట అనుకున్నది ఊరి నడుమకు

ఈ పారిశ్రామికవాడలు వేసినప్పుడు ఈ ప్రాంతం నగరానికి బయట. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961లో మొదలైంది. తర్వాత సీసీఎంబీ వచ్చింది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది. నాచారంలో ఎన్టీఆర్ సినిమా స్టూడియో కట్టుకున్నది కూడా స్థలం విశాలంగా, నగరం దూరంగా ఉన్న కాలంలోనే. కార్మికుల కోసం ఈఎస్ఐ ఆస్పత్రి వచ్చింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు సైరన్ మోగితే చుట్టుపక్కల ఇళ్లలో వంట వేళ తెలిసేది. అప్పట్లో కంపెనీలో పనిచేసేవాళ్లే కంపెనీ పక్కన ఉండేవాళ్లు. లోపల ఏ డ్రమ్ములో ఏముందో వాళ్లకు తెలుసు. ప్రమాదం ఉన్నా, అది తెలిసిన ప్రమాదం.

ఉప్పల్, కాప్రా మున్సిపాలిటీలు 2007లో గ్రేటర్‌లో కలిశాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి ఉప్పల్, హబ్సిగూడ మీదుగా మెట్రో పరుగెత్తింది. వరంగల్ హైవే మీద నుంచి వచ్చే ప్రతి కుటుంబానికీ ఉప్పల్ మొదటి మజిలీ అయింది. గజం ధర పెరిగింది. కొన్ని కంపెనీలు మూతపడ్డాయి. వాటి షెడ్లలో కొన్ని గోడౌన్లయ్యాయి, కొన్ని పార్టిషన్లు పడి నాలుగైదు చిన్న యూనిట్లయ్యాయి. ఇప్పుడు కంపెనీ పక్కన ఉంటున్నది ఐటీ ఉద్యోగి, బడి పంతులమ్మ, క్యాబ్ డ్రైవరు, హాస్టల్ పిల్లలు. ఆ కంపెనీలో పనిచేస్తున్నది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. వాళ్లు వీళ్లను చూస్తారు, వీళ్లు వాళ్లను చూస్తారు. పలకరింపు లేదు.

పాలనలోనూ అదే చీలిక. పారిశ్రామికవాడ లోపలి వ్యవహారాలు టీజీఐఐసీ కింద ఉండే స్థానిక అథారిటీ ‘ఐలా’వి. గేటు దాటితే మున్సిపాలిటీది. కాలుష్యం పీసీబీది. కరెంటు డిస్కమ్‌ది. మంట మాత్రం వీటన్నిటినీ ఒకేసారి దాటుతుంది.

ఎవరు ముందు వచ్చారు, కంపెనీయా కాలనీయా అన్న తగువు ఈ ప్రాంతంలో పాతది. కంపెనీ యజమాని ‘నేనే ముందున్నా, నా పక్కన ఇళ్లు కట్టుకోవద్దని చెప్పాల్సింది ప్రభుత్వం’ అంటాడు. కాలనీవాసులు ‘మాకు అనుమతిచ్చింది అదే ప్రభుత్వం’ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయినా ఆ తగువు తేలేదాకా ఆగలేం.

పొగ ముందొస్తుంది

గత నాలుగేళ్ల హైదరాబాద్ అగ్నిప్రమాదాలను వరుసగా పెట్టుకుని చూడండి. 2022 మార్చి 23, భోయిగూడ. కింద స్క్రాప్ గోడౌన్, పైన కార్మికుల పడక. కిందికి దిగడానికి ఒకటే మెట్ల దారి. బీహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు చనిపోయారు. కిటికీలోంచి దూకిన ఒక్కడు బతికాడు. అదే ఏడాది సెప్టెంబరు 12, సికింద్రాబాద్. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. బ్యాటరీల పొగ మెట్లమీదుగా పైకి ఎగబాకింది, 8 మంది పోయారు. 2023 జనవరి 19, మినిస్టర్ రోడ్డులో దక్కన్ మాల్. ముగ్గురు కార్మికుల ఆచూకీ గల్లంతైంది, చివరికి భవనాన్నే కూల్చాల్సి వచ్చింది. మార్చి 16, స్వప్నలోక్ కాంప్లెక్స్. ఊళ్ల నుంచి ఉద్యోగం కోసం వచ్చిన ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. ఏప్రిల్‌లో కుషాయిగూడ. నవంబరు 13, నాంపల్లి బజార్‌ఘాట్. అపార్ట్‌మెంట్ కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు, పైన కాపురాలున్న 9 మంది బలయ్యారు. 2025 మే 18, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్. ఒకే ఇంట్లో 17 మంది, అందులో 8 మంది పిల్లలు.

ఈ వరుసలో ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మంటకు కాదు, పొగకు బలయ్యారు. నిప్పు ఎక్కడో కింద పుట్టింది, మనిషి పైన ఉన్నాడు, మధ్యలో ఉన్న ఒక్క మెట్ల దారే పొగగొట్టమైంది. కింద సరుకు, పైన సంసారం. ఈ ఏర్పాటే నాచారం, ఉప్పల్ గల్లీల్లో అడుగడుగునా ఉంది. సెల్లార్‌లో ఫర్నిచర్ వర్క్‌షాపు ఉంటే, గ్రౌండ్ ఫ్లోర్‌లో పెయింట్ దుకాణం, పైన మూడు అంతస్తుల్లో కిరాయిలు, ఆ పైన పెంట్‌హౌస్. దొంగల భయంతో బాల్కనీలకు గ్రిల్స్ బిగిస్తారు. పిల్లలు ఎక్కుతారని, పావురాలు వస్తాయని, నీళ్ల ట్యాంకు దగ్గరికి ఎవరూ పోకూడదని టెర్రస్ తలుపుకు తాళం వేస్తారు. ఒక్కో జాగ్రత్తకూ ఒక్కో కారణం ఉంది. అన్నీ కలిపి మనిషిని లోపల బంధిస్తున్నాయి.

మరి చట్టం? ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం 1999లో వచ్చింది, తెలంగాణలో అదే కొనసాగుతోంది. నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. బళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లలాంటి జనం గుమికూడే చోట్లకు ఇంకా తక్కువ ఎత్తుకే ఆ నియమం వర్తిస్తుంది. భోయిగూడ గోడౌన్ గానీ, గుల్జార్ హౌజ్ ఇల్లు గానీ ఆ ఎత్తు దరిదాపుల్లో లేవు. మన నగరంలో మనుషులు ఎక్కువగా చనిపోతున్నది ఆకాశహర్మ్యాల్లో కాదు, రెండు మూడు అంతస్తుల్లో. చట్టం ఎత్తును కొలుస్తోంది. కొలవాల్సింది ఆ ఇంటి కింద ఉన్న సరుకును, ఆ ఇంటికున్న మెట్లను. ఈ ఒక్క మార్పు జరగనంతకాలం తనిఖీల గురించి ఎన్ని సమీక్షలు పెట్టినా ఉపయోగం లేదని నా అభిప్రాయం.

కాలిన తర్వాత ఎవరు మిగులుతారు

మంటలు ఆరిన మర్నాడు రెవెన్యూ సిబ్బంది వచ్చి పంచనామా రాస్తారు. మంత్రులు వస్తారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. భోయిగూడ మృతుల కుటుంబాలకు రాష్ట్రం 5 లక్షలు, ప్రధాని సహాయ నిధి 2 లక్షలు ప్రకటించాయి. గుల్జార్ హౌజ్‌కూ అదే 5, అదే 2. చనిపోయినవాళ్లకు ఒక లెక్క ఉంది. బతికి, సర్వం పోగొట్టుకున్నవాళ్లకు ఏ లెక్కా లేదు.

కాలిన ఇంట్లో కిరాయికున్న కుటుంబం సంగతే తీసుకోండి. బట్టలు, బియ్యం, ఫ్రిజ్ పోయాయి. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల పదో తరగతి మెమోలు పోయాయి. ఇంటావిడ కుట్టు మిషన్ పోయింది. ఓనరు దగ్గరున్న అడ్వాన్సు వెంటనే చేతికి రాదు. ఎందుకంటే ఓనరూ నష్టపోయాడు. అగ్రిమెంటు రాసుకున్నవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ ఉన్నట్టు రుజువూ ఉండదు. నెల తిరక్కముందే ఆ కుటుంబం బోడుప్పల్‌కో, పీర్జాదిగూడకో, ఇంకాస్త తక్కువ కిరాయి ఉన్న చోటికో వెళ్లిపోతుంది. పిల్లల బడి మారుతుంది. ఓనరు గోడలకు సున్నం వేయించి కొత్తవాళ్లకు ఇస్తాడు. భవనం తేరుకుంటుంది. అక్కడున్న మనుషులు మాత్రం చెదిరిపోతారు.

కంపెనీ లోపల రేకుల గదుల్లో ఉండే వలస కార్మికుడికి ఆ మాత్రం ఆసరా కూడా లేదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా కార్మికులు పోయారు. అందులో కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. డీఎన్‌ఏ పరీక్షల కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఈ రాత్రి నాచారంలో ఏ షెడ్డు పైన ఎందరు పడుకున్నారో ఏ కార్యాలయంలో రాసి ఉంది? ఫైరింజన్ వచ్చినప్పుడు అధికారి అడిగే మొదటి ప్రశ్న ‘లోపల ఎంతమంది’ అనే. దానికి జవాబు చెప్పగలిగేవాడు గేటు దగ్గర ఉండాలి.

బతుకుతెరువును తిరిగి నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో అర్ధరాత్రి మంటలు లేచి దాదాపు 40 పడవలు కాలిపోయాయి. ఆ పడవలకు బీమా ఉందా, కాగితాలున్నాయా అని తేల్చేదాకా ఆగకుండా, పడవ విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజుల్లోనే ప్రకటించింది. పడవ అంటే వస్తువు కాదు, నాలుగైదు కుటుంబాల తిండి అని అధికారులు ఒప్పుకున్నారు. అదే న్యాయం నాచారంలో కుట్టు మిషన్‌కు, లేత్ మిషన్‌కు, ఇస్త్రీ బండికి వర్తించకపోవడానికి కారణం లేదు.

బీమా మాటా చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా పాలసీ ఇవ్వాలని నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఇంటి ఓనరు భవనానికి తీసుకోవచ్చు, కిరాయిదారు లోపలి సామానుకు తీసుకోవచ్చు. చిన్న యూనిట్లకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉంది. బండికి బీమా లేకుండా రోడ్డెక్కడానికి భయపడే మనం, ఇంటికీ సామానుకూ బీమా అంటే ఆ ఊసే ఎత్తం.

మనుషులు చెదిరిపోయే ఈ కథే లాస్ ఏంజిలిస్‌లోనూ నడిచింది. అక్కడి శివారు ఆల్టడీనాలో ఇళ్లు కాలిన కొద్ది రోజులకే స్థలాలు కొంటామంటూ దళారులు దిగారు. ‘మా ఊరు అమ్మకానికి లేదు’ అంటూ జనం ఇళ్ల ముందు బోర్డులు పెట్టుకున్నారు. అంతకుముందు 2018 నవంబరులో కాలిఫోర్నియాలోనే పారడైజ్ అనే పట్టణం కాలిపోయి 85 మంది చనిపోయారు. 26 వేల జనాభా ఉన్న ఊళ్లో మిగిలినవాళ్లు కొన్ని వేలే. తిరిగి కట్టుకునేటప్పుడు వాళ్లు చేసిన పనుల్లో ఒకటి నన్ను ఆకట్టుకుంది. ఊరంతా సైరన్ టవర్లు పెట్టుకున్నారు. సెల్‌ఫోన్ టవర్లు కాలిపోయినా మోగే సైరన్లు. నాచారానికి సైరన్ కొత్తది కాదు కదా!

కోబెలో ఒక పేట

ప్రపంచంలో ఎక్కడి అనుభవమైనా నాచారానికి సరిగ్గా సరిపోతుందంటే అది జపాన్‌లోని కోబె నగరానిదే. అక్కడి నగాటా వార్డు చిన్న ఫ్యాక్టరీలు, ఇళ్లు కలగలిసిన పేట. సింథటిక్ చెప్పులు, బూట్లు తయారుచేసే వర్క్‌షాపులు ఇంటి కింది గదుల్లోనే ఉండేవి. రబ్బరు, జిగురు, సాల్వెంట్ల నడుమే కాపురాలు. 1995 జనవరి 17న తెల్లవారుజామున 5.46కి భూకంపం వచ్చింది. ఇళ్లు కూలాయి, వెంటనే నగాటా అంటుకుంది. నీటి పైపులు పగిలిపోయి ఫైరింజన్లకు నీళ్లు దొరకలేదు. వీధులకు వీధులు కాలిపోయాయి. మొత్తం ఆ భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు.

అదే నగాటా వార్డులో మనో అనే పేటలో మాత్రం మంటలు కొన్ని పదుల ఇళ్లతో ఆగాయి. ఆపింది ఎవరు? ఇరుగుపొరుగు బకెట్లతో వరుస కట్టారు. పక్కనే ఉన్న మిత్సుబోషి బెల్టింగ్ అనే కంపెనీ తన సొంత అగ్నిమాపక బృందాన్ని గేటు తెరిచి వీధిలోకి పంపింది. కంపెనీ పంపులు, కంపెనీ నీళ్లు, కాలనీ చేతులు. సరుకు కాపాడుకోవడానికి పెట్టుకున్న బృందం వీధిని కాపాడింది.

ఇది ఆ ఒక్క ఉదయం పుట్టిన మంచితనం కాదు. మనో పేట జనం 1960ల నుంచే ఫ్యాక్టరీ పొగ మీద పోరాడారు. కంపెనీలతో తగవులాడారు, చర్చలు జరిపారు. ఖాళీ అయిన ఫ్యాక్టరీ స్థలాల్లో చిన్న చిన్న పార్కులు సాధించుకున్నారు. వీధుల వెడల్పు, ఇళ్ల నాణ్యత గురించి 1980 నాటికే తమ పేటకు తామే ఒక దీర్ఘకాలిక ప్రణాళిక రాసుకున్నారు. ఏ ఇంట్లో ఒంటరి ముసలమ్మ ఉందో వాళ్లకు తెలుసు. అంటే మూడు దశాబ్దాలు కొట్లాడుకుంటూ వాళ్లు ఒకరికొకరు బాగా తెలిసిపోయారు. విపత్తు రోజున ఆ పరిచయమే పనిచేసింది. నాచారం కాలనీలకూ కంపెనీలకూ మధ్య కొట్లాటలు తక్కువేం కాదు. వాసన గురించి, నాలాలోకి వదిలే నీళ్ల గురించి, పెద్దచెరువులో నురగ గురించి ఫిర్యాదులు ఏళ్లుగా ఉన్నాయి. ఆ కొట్లాటను ఒక బల్ల ముందుకు తేవడమే మిగిలింది.

కోబె ఇంకో పాఠం కూడా చెబుతుంది. నగాటాలోనే షిన్-నగాటా స్టేషన్ చుట్టూ ప్రభుత్వం భారీ టవర్లు కట్టింది. మనుషులు తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. పాత వీధిలో కొట్టు పెట్టుకుని బతికినవాళ్లు కొత్త కాంప్లెక్సుల్లో నిర్వహణ ఖర్చులు భరించలేకపోయారు, చాలా షట్టర్లు దిగిపోయాయి. కాంక్రీటు లేచింది, పేట లేవలేదు.

భూమి మారుతున్న వేళ

ఇదంతా ఇప్పుడెందుకు? 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ‘హిల్ట్’ విధానం తెచ్చింది. ఔటర్ రింగురోడ్డు లోపలున్న 22 పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను రుసుము కట్టించుకుని నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకోనిస్తామంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి వాడలన్నీ అందులో ఉన్నాయి. కాలుష్యం నగరం దాటిపోతుందని ప్రభుత్వం చెబుతోంది. విలువైన భూములు చవగ్గా చేతులు మారతాయని ప్రతిపక్షాలు ఆరోపిస్తున్నాయి. కాలుష్య పరిశ్రమలను ఔటర్ అవతలికి పంపాలని 2013లోనే జీవో 20 ఉంది, అది పుష్కరకాలంగా నత్తనడకే నడుస్తోంది.

భూమి ధర మీద జరిగే ఈ వాదనలో నిప్పు మాట ఎక్కడా వినిపించడం లేదు. మార్పు ఒక్క రోజులో జరగదు. ఓ ప్లాటులో ఫ్యాక్టరీ పోయి టవర్ లేస్తుంది, దాని పక్క ప్లాటులో సాల్వెంట్ కంపెనీ ఇంకా పదేళ్లు నడుస్తుంది. ఆ మధ్యకాలం అన్నిటికంటే ప్రమాదకరం. ఇరవై అంతస్తుల జనం, పక్కన డ్రమ్ములు. మూతపడిన షెడ్లు ఆ లోపు గోడౌన్లుగా కిరాయికి పోతాయి. అక్కడ ఏముందో ఎవరూ అడగరు.

తరలించినంత మాత్రాన సురక్షితం కాదు అనడానికి ఢిల్లీ సాక్ష్యం. నివాస ప్రాంతాల్లోని పరిశ్రమలను తరలించాలని సుప్రీంకోర్టు 1990లలో ఆదేశించింది. వాటి కోసం నగరం అంచున బవానా పారిశ్రామికవాడ వెలిసింది. 2018 జనవరిలో అదే బవానాలో బాణసంచా గోడౌన్ అంటుకుని 17 మంది చనిపోయారు. ఇక తరలించకుండా వాయిదా వేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఢాకా ఉంది. పాత ఢాకా నిమ్‌తోలీలో 2010 జూన్‌లో ఇళ్ల మధ్యనున్న రసాయన గోడౌన్ల వల్ల 120 మందికి పైగా కాలిపోయారు. గోడౌన్లన్నీ ఖాళీ చేయిస్తామన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరిలో, అదే పాత ఢాకాలోని చౌక్‌బజార్‌లో అలాంటి గోడౌన్లే ఉన్న భవనం అంటుకుని 70 మంది దాకా చనిపోయారు.

హక్కు కాగితం మీద ఉంది

కంపెనీని, కాలనీని ఒక బల్ల ముందుకు తేవడం గురించి చెప్పాను కదా, మన దేశంలో ఆ బల్ల చట్టంలోనే ఉంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత వచ్చిన ఆలోచనల్లోంచి 1996లో కేంద్రం రసాయన ప్రమాదాల నిబంధనలు తెచ్చింది. భారీ ప్రమాదానికి అవకాశమున్న యూనిట్లు ఉన్న ప్రతి పారిశ్రామికవాడకూ ఒక ‘స్థానిక సంక్షోభ బృందం’ ఉండాలని అందులో ఉంది. అందులో ఎవరుండాలో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, అగ్నిమాపక అధికారి, ఎస్‌హెచ్‌ఓ, పరిశ్రమల ప్రతినిధులు ఎలాగూ ఉంటారు. వాళ్లతోపాటు స్థానిక పత్రిక సంపాదకుడు, ఆ ప్రాంత ప్రజల నాయకుడు, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలి. ప్రతినెలా సమావేశం కావాలి. ఆరు నెలలకోసారి పూర్తిస్థాయి మాక్‌డ్రిల్ చేయాలి. చుట్టుపక్కల ప్రజలకు తెలియజెప్పాలి, శిక్షణ ఇవ్వాలి. దాని పైన జిల్లా బృందానికి కలెక్టరే అధ్యక్షుడు.

మీ కాలనీలో ఎవరినైనా అడిగి చూడండి, ఆ డ్రిల్ ఎప్పుడైనా చూశారా అని. ఇంత మంచి నిబంధన ఇన్నేళ్లుగా ఫైళ్లలోనే నిద్రపోవడం బాధ కలిగిస్తుంది. దీనికి ఒక పరిమితి ఉన్న మాట నిజమే. చిన్న షెడ్డు, స్క్రాప్ దుకాణం, టింబర్ డిపో దీని కిందికి రావు. వాటి నిల్వల వివరాలు ట్రేడ్ లైసెన్సు దగ్గరే తీసుకోవాలి. ఏ సరుకు, ఎంత, రాత్రి లోపల ఎందరు.. ఈ మూడు ప్రశ్నలు లైసెన్సు పునరుద్ధరణ ఫారంలో పెడితే సగం పని అయినట్టే. ఆ వివరం గేటు మీద తెలుగులో, హిందీలో రాసి ఉండాలి. ఎందుకంటే చదవాల్సింది అధికారి ఒక్కడే కాదు.

కాలనీ చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఆ రోజుల్లో పైఅంతస్తులవాళ్లు కిందివాళ్లను ఇళ్లలో పెట్టుకున్నారు, కుర్రాళ్లు పాలప్యాకెట్లు మోశారు, బస్తీల్లో వంటలు వండి పంచారు. నీళ్లకు తెలిసిన ఆ ఐక్యత నిప్పుకు ముందే తెలియాలి. వరద గంటల్లో పెరుగుతుంది, మంట నిమిషాల్లో. ఆ నిమిషాల్లో ఫైరింజన్ కంటే ముందు చేరేది పక్కింటివాళ్లే.

అందుకని టెర్రస్ తలుపుకు తాళం బదులు లోపలి నుంచి తీసే గొళ్లెం పెట్టండి. బాల్కనీ గ్రిల్‌లో ఒక రెక్క తెరుచుకునేలా చేయించండి. దాని తాళంచెవి పక్కనే మేకుకు వేలాడాలి. ఈ-స్కూటర్ చార్జింగ్ మెట్ల కింద వద్దు, మీటర్ బోర్డు పక్కన అసలే వద్దు. మెట్ల మీద పాత సోఫా, సైకిళ్లు, అట్టపెట్టెలు ఉంటే ఈరోజే తీయించండి. నైట్ వాచ్‌మన్‌కు 101 నంబరు ఒక్కటే చాలదు. ఏ ఫ్లాట్‌లో మంచం దిగలేని పెద్దవాళ్లున్నారో అతనికి తెలియాలి. వాచ్‌మన్ కుటుంబం చాలాచోట్ల సెల్లార్‌లోనే ఉంటుంది, వాళ్లకూ రెండో దారి ఉండాలి. ఫైరింజన్ తిరగాల్సిన గల్లీ మలుపులో కారు పెట్టేది ఎవరైనా సరే, అసోసియేషన్ మొహమాటపడకూడదు.

నీళ్ల సంగతి. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు.. మన పెద్దలు తవ్విన ఈ చెరువులు వేసవిలో కూడా కొంత నీరు నిలుపుకుంటాయి. ఫైరింజన్ గట్టు దాకా వచ్చి గొట్టం దించి నీళ్లు తోడుకునేలా ఒక్కో చెరువుకు ఒక సిమెంటు ర్యాంపు వేస్తే చాలు. ట్యాంకర్ల కోసం చూసే సమయం మిగులుతుంది. సుందరీకరణ పేరుతో గ్రిల్స్, గేట్లు పెట్టేవాళ్లు ఆ ఒక్క దారీ వదలాలి.

కంపెనీలకూ ఒక మాట. మీ దగ్గర పంపులున్నాయి, సంపులున్నాయి, నురగ డబ్బాలున్నాయి, శిక్షణ పొందిన మనుషులున్నారు. ఆరు నెలలకోసారి గేటు తెరిచి పక్క కాలనీ కుర్రాళ్లకు వాటిని వాడటం నేర్పండి. మీ లోపల పడుకునే కార్మికుల పేర్లు గేటు దగ్గర రాసి పెట్టండి. భూమి అమ్ముకుని వెళ్లిపోయే ఆలోచన ఉన్నా, వెళ్లేదాకా మీరు ఈ పేట మనుషులే.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ కాలనీ సంఘాలు, బస్తీ మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరుకు ఒక్క అర్జీ ఇవ్వండి. మా పారిశ్రామికవాడ స్థానిక సంక్షోభ బృందంలో సభ్యులెవరు, చివరిసారి ఎప్పుడు కలిశారు, డ్రిల్ ఎప్పుడు జరిగింది, హిల్ట్ కింద మారే ప్రతి ప్లాటు పక్కన ఏ సరుకు నిల్వ ఉంది అని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న మళ్లీ వేయండి. వేసవి వచ్చేలోపు ఆ బృందం మీ కాలనీ కమ్యూనిటీ హాల్‌లో కూర్చోవాలని పట్టుబట్టండి.